పాత కారును ‘టోటల్ లాస్’ అంటే ఏం చేయాలి?
మరమ్మతు అంచనా పాలసీలో కారుకు కట్టిన బీమా విలువ (ఐడీవీ)లో 75 శాతం దాటితే బీమా సంస్థ కారును టోటల్ లాస్‌గా, అంటే బాగుచేయించడానికి బదులు ఐడీవీ లెక్కన పరిహారం ఇచ్చే పూర్తి నష్టంగా పరిగణిస్తుంది. ఐదేళ్లు దాటిన కారు ఐడీవీ ఇరుపక్షాల ఒప్పందంతో ఖరారవుతుంది కనుక, ప్రీమియం కలిసొస్తుందని రెన్యువల్‌లో దాన్ని తగ్గించుకున్నవారికి (చాలామంది చేసే పనే ఇది) ఇక్కడే దెబ్బ తగులుతుంది. ఐడీవీ 3 లక్షలైతే, అంచనా 2.25 లక్షలు మించితే చాలు. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు వరదలాంటిదానిలో సీట్ల దాకా నీరు చేరి వైరింగ్ పాడైతే, ఆ అంకె సులువుగానే దాటిపోతుంది.

నీట మునిగిన కారును స్టార్ట్ చేయకుండా, డోర్ల లోపలి బురద గీత కనిపించేలా ఫొటోలు తీసి, నష్టాన్ని లెక్కగట్టే బీమా సర్వేయర్ చూసేవరకు గ్యారేజీలో ఏ భాగమూ విప్పనివ్వకండి. దెబ్బతిన్న బండిని మీరే ఉంచుకుంటే దాని విలువను పరిహారంలోంచి కోస్తారు కాబట్టి, పాత ఇనుము వ్యాపారుల ధర ముందే కనుక్కోండి. ఇక నడవదని తేలిన బండి సంగతి 14 రోజుల్లో ఆర్టీఓకు తెలిపి ఆర్సీ రద్దు చేయించుకోవాలి.