దసరా పూజలో పెట్టే పిస్టల్: ముందే చూసుకోవాల్సిన జాగ్రత్తలు

2024 నవంబరులో అట్లాంటాలో ఒక తెలుగు విద్యార్థి, తన పుట్టినరోజు నాడే, కొత్తగా కొన్న హంటింగ్ గన్ శుభ్రం చేస్తుండగా అది పేలి చనిపోయాడన్న వార్త చదివే ఉంటారు. ఇప్పుడు దసరా వస్తోంది. టెక్సాస్‌లో స్థిరపడిన మనవాళ్ళలో కొందరికి ఇంటిపేరు చెక్కించిన 1911 పిస్టల్ (1911 అన్నది ఒక పాత మోడల్ పేరు, .45 సైజు తూటాలు వేసేది) ఆర్డర్ ఇచ్చి, ఆయుధ పూజలో పెట్టి, పిల్లల చేతికి వారసత్వంగా అప్పగించాలన్న సరదా పుట్టింది. సరదా తప్పు కాదు. గన్ ఎవరికైనా ప్రమాదమేనన్న ముచ్చట కూడా నేను చెప్పను, అది మీకు తెలుసు. తెలియనివి చెబుతాను.

ఆర్డర్ ఇచ్చేముందు

ముందు వీసా సంగతి. హెచ్1బి, హెచ్4, ఎఫ్1 మీద ఉన్నవాళ్ళు తుపాకి గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. హంటింగ్ లైసెన్సు ఉన్నవాళ్ళలాంటి కొద్దిమందికే మినహాయింపు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు కొనుక్కోవచ్చు, కానీ తుపాకి కేసులో శిక్ష పడితే కార్డుతో పాటు దేశం కూడా వదలాల్సి రావచ్చు.

హెచ్1బి తమ్ముడు డబ్బులు పంపితే సిటిజన్ అన్నయ్య తన పేరున కొనడం ఉంది చూశారూ, అది సాయం కాదు. షాపులో నింపే ఫారం 4473లో అసలు కొనేది మీరేనా అని అడుగుతారు. అక్కడ అబద్ధం రాసి ఇలా అర్హత లేనివాళ్ళ కోసం కొంటే, 2022లో వచ్చిన చట్టం కింద 15 ఏళ్ళ దాకా జైలు. మీ సొంత డబ్బుతో కొని, తుపాకి ఉంచుకునే అర్హత ఉన్న కొడుక్కి బహుమతిగా ఇవ్వడం వేరే సంగతి. దానికి ఇబ్బంది లేదు. ఆ కొడుకు వేరే రాష్ట్రంలో ఉంటే మాత్రం అక్కడి లైసెన్సున్న డీలర్ ద్వారానే చేతులు మారాలి.

చెక్కేవాడికి లైసెన్సు ఉండాలి. సీరియల్ నంబరు మీద గీత కూడా పడకూడదు. పిడికి ఏనుగు దంతం వద్దు, ఊళ్ళో తాతగారి పెట్టెలో ఉందని అసలే తేవద్దు. వాల్‌నట్ చెక్క చక్కగా ఉంటుంది.

తెలుగులో పేరు చెక్కిస్తుంటే టైపు చేసి పంపకండి. వాళ్ళ సాఫ్ట్‌వేర్‌లో ఒత్తులు విడిపోతాయి, ‘కొప్పుల’ కాస్తా ‘కొప్‌పుల’ అయి కూర్చుంటుంది. బొమ్మగా పంపండి, ముందు వేరే రేకు మీద చెక్కి ఫోటో పెట్టమనండి. స్లైడ్ (పిస్టల్ పైన వెనక్కీ ముందుకీ కదిలే ఉక్కు భాగం) మీద లోతుగా దిగిన గీతని చెరపడం కుదరదు.

ఇంటికొచ్చాక

నేను రేంజిలో, అంటే కాల్పులు సాధన చేసే చోట, పదే పదే చూసే తప్పు ఒక్కటే: మ్యాగజైన్ తీసేస్తే గన్ ఖాళీ అయిపోయిందనుకోవడం. మ్యాగజైన్, అంటే తూటాలు పేర్చే డబ్బా, పిడిలో ఉంటుంది. పేలే తూటా దాని పైన, గొట్టం వెనక కొసన ఉండే చాంబర్‌లో ఉంటుంది. కొన్ని పిస్టళ్ళు మ్యాగజైన్ లేకపోతే పేలవు. పాత పద్ధతి 1911 అలా కాదు, చాంబర్‌లో ఒక్కటి మిగిలినా పేలుతుంది.

వరస కూడా ముఖ్యమే. వేలు ట్రిగ్గర్‌కి దూరంగా ఉంచి, ముందు మ్యాగజైన్ తీయాలి, ఆ తర్వాతే స్లైడ్ లాగాలి. తిరగేసి చేశారనుకోండి: స్లైడ్ లాగగానే ఒక తూటా బయటికి ఎగిరి పడుతుంది, “హమ్మయ్య, తీసేశాను” అనుకుంటారు. స్లైడ్ వదలగానే మ్యాగజైన్‌లోని తర్వాతి తూటా చాంబర్‌లోకి ఎక్కేస్తుంది. అప్పుడు మ్యాగజైన్ తీస్తారు. చేతిలో ఉన్నది నిండు గన్. నేల మీద పడిన తూటా చూసి ఖాళీ అనుకున్న మనిషి ఇక ట్రిగ్గర్ నొక్కడానికి వెనకాడడు.

కాబట్టి స్లైడ్ వెనక్కి లాక్ చేసి, కళ్ళతో చూసి, చిటికెనవేలు పెట్టి తడిమి చూడండి. 1911లో సేఫ్టీ (పేలకుండా ఆపే చిన్న మీట) పైకి వేసి ఉంటే స్లైడ్ కదలదు. సేఫ్టీ దింపాకే లాగాలి, అందుకే ఆ క్షణంలో గొట్టం ఎటు ఉందన్నది మరీ ముఖ్యం. ఇక్కడి ఇళ్ళ గోడలు జిప్సం బోర్డులు, .45 తూటాని ఆపవు. గోడ అవతల పిల్లల గది ఉంటుంది.

ఇక మిగతావి చెప్పేస్తాను, ఒక వరసంటూ లేకుండా.

శుభ్రం చేసే గదిలో తూటాలు ఉండకూడదు. ఒక్కటి కూడా.

కొన్ని పిస్టళ్ళు విప్పాలంటే ట్రిగ్గర్ నొక్కాల్సిందే. గ్లాక్ అలాంటిదే. మ్యాగజైన్ తీశాను కదా అని విప్పడం మొదలుపెట్టకండి.

పూజలో పెడితే స్లైడ్ వెనక్కి లాక్ చేసి పెట్టండి. ఖాళీగా ఉందని పంతులుగారికి కూడా కనబడాలి.

పసుపు, కుంకుమ, తడి పూలు స్టీలు మీద పెట్టకండి, తుప్పు పడుతుంది. పక్కన పళ్ళెంలో పెట్టి దండం పెట్టుకోండి.

విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నల చేతికి ఫోటో కోసమైనా ఇవ్వకండి. చట్టం దృష్టిలో వాళ్ళూ పట్టుకోకూడని వాళ్ళే.

అద్దాల షోకేసు బీరువా కాదు.

తోలు పౌచ్‌లో, వెల్వెట్ పెట్టెలో ఏళ్ళ తరబడి దాచొద్దు, చెమ్మ పట్టేస్తుంది. పలచగా నూనె రాసి, తాళం వేసిన సేఫ్‌లో పెట్టండి.

టెక్సాస్‌లో 17 ఏళ్ళ లోపు పిల్లలకి అందేలా నిండు గన్ వదిలేస్తే కేసు మీ మీదే.

ట్రిగ్గర్ మరీ తేలిక చేయించొద్దు.

మందు తాగిన రోజు సేఫ్ తెరవొద్దు. పండగైనా సరే.

చుట్టం “ఖాళీయే లెండి” అని చేతిలో పెడితే, మీరే మళ్ళీ మ్యాగజైన్ తీసి, స్లైడ్ లాగి, చూడండి. మొహమాటం వద్దు. ఆయన మ్యాగజైన్ మాత్రమే తీసి ఉంటాడు.

ఇండియా వెళ్ళేటప్పుడు రేంజికి తీసుకెళ్ళిన బ్యాగులో బట్టలు సర్దొద్దు. అడుగున మరిచిపోయిన ఒక్క తూటా శంషాబాద్‌లో స్కానర్‌కి దొరికినా ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు.