మేక ఎడమ డొక్క మీద చెయ్యి పెట్టి చూడండి

మేకలు కొత్తగా కొన్నవాళ్ళు ఫోన్ చేసి ముందు అడిగేది, "రోజుకి దాణా ఎంత పెట్టమంటావక్కా?" అనే. మా కనిగిరి వైపు మెట్టల్లో మేక సగం కడుపు తుమ్మకాయలు, రేగాకుతోనే నింపుకుంటుంది. దాణా సంగతి తర్వాత, ముందు దాని ఎడమ పక్కకి వెళ్ళి నిలబడండి.

చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్య, వెన్ను కింద గుంట ఉంటుంది. అదే డొక్క. పొద్దున కొంచెం లోపలికి పోయి ఉంటుంది, సాయంత్రం ఇంటికొచ్చేసరికి నిండాలి. అక్కడ పిడికిలి మెల్లగా ఒత్తి పట్టుకోండి. లోపల ఏదో దొర్లుతూ వచ్చి మీ చేతిని బయటికి నెడుతుంది. నిమిషానికి ఒకటి రెండుసార్లు అలా నెడితే పొట్ట ఆడుతున్నట్టే. రెండు మూడు నిమిషాలు పట్టుకున్నా కదలిక లేకపోతే ఆ మేకని మందలోంచి తీసి విడిగా కట్టేయండి.

మీ చేతికి తగిలేది రూమెన్, మేక పొట్టలోని నాలుగు గదుల్లో పెద్దది. అందులో కోట్లాది సూక్ష్మజీవులు దోసెల పిండి పులిసినట్టు ఆకుని పులియబెడతాయి. అప్పుడు పుట్టే గ్యాస్‌ని మేక త్రేన్పుగా వదిలేస్తుంది. రెండో గది బోటీ కడిగిన ఆడవాళ్ళకి తెలుసు, లోపలంతా గళ్ళు గళ్ళుగా ఉంటుంది. మూడోది నీరు పీల్చుకుంటుంది. మన కడుపులా ఆమ్లం ఊరేది నాలుగో దాంట్లోనే.

మధ్యాహ్నం చెట్టు కింద పడుకున్నప్పుడు గొంతు చూడండి. ముద్ద ఒకటి కిందనుంచి పైకి పాకుతుంది, దవడ పక్కకి ఆడుతుంది, యాభై అరవైసార్లు నమిలి మింగేస్తుంది. నెమరేసేటప్పుడు ఊరే ఉమ్మిలో సోడా గుణం ఉంటుంది, పొట్టలో పులుపుని అదే అదుపులో పెడుతుంది. ఆకు, చొప్ప తగ్గించి నూకలు, మొక్కజొన్న పెంచితే నెమరు తగ్గుతుంది, ఉమ్మీ తగ్గుతుంది. అసలు టెన్షన్ అక్కడే.

పోయిన మాఘమాసంలో మా వీధిలో పెళ్ళైంది. మిగిలిన అన్నం ఇంటి వెనక పారబోశారు. పక్కింటివాళ్ళ పోతు తాడు తెంపుకుని వెళ్ళి కడుపునిండా తినేసింది. మర్నాటికి తల వేలాడేసి పళ్ళు కొరుకుతోంది. డొక్క ఊపితే లోపల నీళ్ళు గలగలమన్నాయి. గుండ్రటి పెంటికలు పోయి పుల్లటి కంపుతో పారుతోంది. అన్నంలోని పిండి ఒక్కసారిగా పులిసి పొట్టంతా ఆమ్లమైపోతుంది, ఒంట్లో నీరు కూడా అందులోకి లాగేసుకుంటుంది. పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేస్తే డాక్టరు వచ్చి సెలైన్ పెట్టాకే లేచింది. గింజలు తినేసిందని అప్పటికప్పుడే తెలిస్తే ఆలస్యం చెయ్యకండి. దాణా ఆపి ఎండు చొప్ప వేయండి. పెద్ద మేక అయితే 20 గ్రాముల వంట సోడా అరలీటరు నీళ్ళలో కలిపి, తల పైకెత్తకుండా, మూతి పక్కనుంచి కొంచెం కొంచెం పోయండి. ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. నిలబడలేని మేకకి అసలే పోయొద్దు.

ఉబ్బరం వేరు. డొక్క బిగుసుకుని తడితే డబడబ మోగుతుంది. లేత పచ్చి మేత ఆబగా తింటే నురగ కట్టి గ్యాస్ బయటికి రాదు. వంద మిల్లీలీటర్ల వేరుశనగ నూనె పోసి, ముందు కాళ్ళు ఎత్తు మీద ఉండేలా నిలబెట్టి డొక్క మర్దన చేస్తూ డాక్టర్ని పిలవండి.

కొత్త మేత ఏదైనా అలవాటు కావడానికి పది పదిహేను రోజులు పడుతుందనుకోండి, పాతదాంట్లో గుప్పెడు గుప్పెడుగా కలుపుతూ పోవాలి. లోపలి సూక్ష్మజీవులు మారడానికి అంత టైమ్ పడుతుంది.

మేకపిల్లలకి రూమెన్ ఇంకా ఎదగదు. అవి మెడ చాచి చీకితే గొంతు గొట్టం చివర పొట్టలో ఉండే గాడి మూసుకుని, పాలు నేరుగా నాలుగో గదిలోకి పోతాయి. బలవంతంగా నోట్లో పోస్తే రూమెన్‌లో పడి పులుస్తాయి. అందుకే సీసా పొదుగంత ఎత్తులో పట్టుకోండి. రెండు వారాలకి లేతాకు కట్ట వేలాడదీస్తే కొరకడం మొదలెడతాయి, రెండు నెలలకి రూమెన్ బాగా పనిలోకి వస్తుంది.

సంతలో వయసు చూడాలంటే కింది పెదవి విప్పండి, పైన ముందు పళ్ళే ఉండవు. రెండు పెద్ద పళ్ళు వస్తే ఏడాది దాటింది, నాలుగైతే రెండేళ్ళ దగ్గర. చూడి సుమారు 150 రోజులు, ఒంటి వేడి 102, 103 ఫారెన్‌హీట్ మామూలే. మన లెక్కన జ్వరమనుకుని మాత్ర వేసేయకండి.