పంటి మొగ్గను చదవడం – 5వ పాఠం: మచ్చను చూసి వయసు చెప్పడం

ముందు పోయిన పాఠం బాకీ తీర్చేద్దాం. పంటి మొగ్గలో (అంటే దవడలో ఇంకా తయారవుతున్న పన్నులో) ఎనామెల్ నాట్ అనే చిన్న కణాల ముద్ద చుట్టుపక్కల కణాలన్నిటినీ విభజన చెందమని తొందరపెడుతూ, తాను మాత్రం ఎందుకు విభజన చెందదు అని అడిగాను. ఆ ముద్ద ఎఫ్‌జీఎఫ్-4 అనే ప్రోటీన్‌ను బయటికి వదులుతుంది గానీ, దాన్ని అందుకునే రిసెప్టర్లు ఆ ముద్దలోని కణాలకే లేవు. పైగా విభజనకు బ్రేకు వేసే పీ21 అనే ప్రోటీన్ కూడా అక్కడ ఉంటుంది. విభజన చెందని కణాలే పెరుగుదల సంకేతం పంపుతున్నాయని 1994లో హెల్సింకీలో యుక్కా యెర్న్‌వాల్, ఇర్మా థెస్లెఫ్ బృందం చిట్టెలుక దవడ పళ్ళలో చూపింది. రిసెప్టర్ల సంగతి, పీ21 సంగతి తర్వాత తేలాయి. ‘రిసెప్టర్ లేదు’ అన్నంతవరకు రాసినా పూర్తి మార్కులు వేసుకోండి.

ఇక ఈ పాఠం. ఇది అయ్యేసరికి మీరు ఒక పిల్లవాడి పంటి మీది గీతనో మచ్చనో చూసి, దాన్ని తెచ్చిన జబ్బు లాంటి దెబ్బ ఏ వయసులో తగిలిందో సుమారుగా చెప్పగలగాలి. నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువున్న అనంతపురం జిల్లాలో ఉండి ఇది నేర్చుకోకపోతే ఎట్లా! ఏ బడికి వెళ్ళినా చూడటానికి పళ్ళున్నాయి. అయితే ముందు కణం ఏం చేస్తుందో తెలియాలి.

పంటి పైనుండే గట్టి పొర ఎనామెల్. దాన్ని వేసే కణం అమెలోబ్లాస్ట్. గంట దశలో, అంటే పంటి మొగ్గ గంట ఆకారానికి వచ్చినప్పుడు, దాని లోపలి అంచున వరుసగా నిలబడ్డ కణాలు మీరు చూశారు కదా, అవే. వాటికి ఎదురుగా, పల్పు (పంటి లోపలి మెత్తని భాగం) వైపు ఒడొంటోబ్లాస్ట్‌లు ఉంటాయి. ముందు పని మొదలుపెట్టేవి ఒడొంటోబ్లాస్ట్‌లే. అవి పలచగా ఒక డెంటిన్ (ఎనామెల్ కింద ఉండే పంటి భాగం) పొర వేశాకే అమెలోబ్లాస్ట్‌లు కదులుతాయి. ఈ వరస తారుమారు కాదు. కాబట్టి కిరీటం (పంటిలో నోట్లోకి కనబడే భాగం) స్లయిడ్‌లో డెంటిన్ ఉండి దాని మీద ఎనామెల్ ఇంకా పడని చోటు కనబడొచ్చు గానీ, కింద డెంటిన్ లేకుండా ఎనామెల్ కనబడదు. ఏది డెంటిన్, ఏది ఎనామెల్ అని ప్రాక్టికల్స్‌లో టెన్షన్ పడేవాళ్ళకు ఈ ఒక్క విషయం చాలు.

పనికి దిగే ముందు అమెలోబ్లాస్ట్ బాగా పొడుగు సాగుతుంది. వెడల్పుకు పది రెట్లకు పైగా ఎత్తు ఉంటుంది. కేంద్రకం డెంటిన్‌కు దూరంగా ఉన్న కొసకు జరుగుతుంది. డెంటిన్ వైపు కొసన టోమ్స్ ప్రాసెస్ అనే చిన్న ముక్కు లాంటిది వస్తుంది. ఎనామెల్ ప్రోటీన్లు బయటపడేది అక్కడి నుంచే. వాటిలో తొంభై శాతం దాకా అమెలోజెనిన్. ఇల్లు అలికేవాళ్ళు వెనక్కి జరుగుతూ అలికినట్టు, ఈ కణం కూడా ఎనామెల్ వేస్తూ వెనక్కి జరుగుతుంది. మనిషిలో రోజుకు సుమారు 4 మైక్రాన్లు. ఒక మిల్లీమీటరు మందం రావాలంటే 250 రోజులు, అంటే ఎనిమిది నెలలు దాటుతుంది. పలచగా కోసిన పంటి ముక్కను మైక్రోస్కోపు కింద పెడితే ఈ రోజువారీ పని సన్న గీతలుగా కనబడుతుంది. వారానికి కాస్త అటూ ఇటూగా ఒక ముదురు గీత కూడా ఉంటుంది, దాన్ని రెట్జియస్ గీత అంటారు. పాల పళ్ళలోనూ, ఆరేళ్ళకు వచ్చే మొదటి దవడ పంటిలోనూ పుట్టిన వేళకు గుర్తుగా ఒక ప్రత్యేకమైన గీత పడుతుంది.

అప్పుడే వేసిన ఎనామెల్ మెత్తగా ఉంటుంది. దాన్ని గట్టిపరచడం రెండో విడత పని, నా ఉద్దేశంలో అసలు పని. ఎంఎంపీ20 అనే ఎంజైము మొదటి నుంచీ ప్రోటీన్లను తుంచుతూ ఉంటే, కేఎల్‌కే4 అనే ఇంకో ఎంజైము చివర్లో వచ్చి మిగిలిన ముక్కలను నలగగొడుతుంది. ఖాళీ అయిన చోటికి కాల్షియం, ఫాస్ఫేటు చేరుతాయి. చివరికి ఎనామెల్ బరువులో సుమారు 96 శాతం ఖనిజమే. మొదటి విడత నుంచి రెండో విడతకు మారేటప్పుడు అమెలోబ్లాస్ట్‌లలో దాదాపు పావు వంతు చనిపోతాయి. మిగిలినవి పొట్టిగా అయిపోతాయి, వాటిలోనూ మరికొన్ని రాలిపోతాయి. పన్ను నోట్లోకి వచ్చాక ఎనామెల్ వేసే కణం ఒక్కటీ మిగలదు. డెంటిన్ సంగతి అట్లా కాదు. ఒడొంటోబ్లాస్ట్‌లు పల్పులో బతికే ఉండి, అవసరమైతే ఇంకాస్త డెంటిన్ వేస్తాయి. ఎనామెల్‌కు రిపేరు చేసే మనిషి లేడు కాబట్టే ఒకసారి పడ్డ గీత అట్లాగే ఉండిపోతుంది. మన చదువుకు ఆధారం ఇదే.

స్లయిడ్ చూసేటప్పుడు ఒక మోసం ఉంది, జాగ్రత్త. కోయడానికి వీలుగా పంటిలోని ఖనిజాన్ని యాసిడ్‌తోనో ఇడిటిఎ అనే రసాయనంతోనో తీసేస్తారు. పక్వమైన ఎనామెల్‌లో ఖనిజం తప్ప పెద్దగా ఏమీ ఉండదు గనుక అది మొత్తం కరిగిపోయి తెల్లటి ఖాళీ మిగులుతుంది. కొత్తవాళ్ళు దాన్ని చిరుగు అనుకుని పక్కకు జరుపుతారు. జరపొద్దు, అదే ఎనామెల్ ఉన్న చోటు. లేత ఎనామెల్‌లో ప్రోటీన్ ఇంకా ఉంటుంది కాబట్టి రంగు పడుతుంది. కిరీటం కొన నుంచి మెడ వైపు చూపు నడిపిస్తే కొన దగ్గర ఖాళీ, కిందికి వచ్చేకొద్దీ రంగు పట్టిన లేత ఎనామెల్, ఇంకా కిందికి పోతే ఇంకా పని మొదలుపెట్టని కణాలు. కొన పాతది, మెడ కొత్తది. పెన్సిల్‌తో ఈ మూడు భాగాలనూ ఒకసారి గీసుకున్నాకే ముందుకు పోండి.

పరిశోధకులు ఈ పనికి ఎలుక ముందు పన్నును ఎందుకు ఎంచుకున్నారంటే, అది బతికినంతకాలం పెరుగుతూనే ఉంటుంది. దవడ లోపలి కొసన మూలకణాలున్నాయని 1999లో హరాడా, థెస్లెఫ్ తదితరులు చూపారు. అక్కడ పుట్టిన కణాలు పన్నుతో పాటు ముందుకు నడుస్తాయి: ముందు ఎనామెల్ వేసే భాగం, తర్వాత గట్టిపరిచే భాగం, చివర కొరికే కొస. ఒక్క పన్నును నిలువుగా కోస్తే అన్ని దశలూ వరసగా దొరుకుతాయి. దూరమే కాలం. పెద్ద ఎలుకలో కింది ముందు పన్ను రోజుకు సుమారు అర మిల్లీమీటరు జరుగుతుంది కాబట్టి, 5 మిల్లీమీటర్లంటే పది రోజులు. వేరుశనగ బస్తా కొరికిన ఎలుక బోనులో పడితే దాని ముందు పళ్ళు గమనించండి. ముందువైపు నారింజ పసుపు రంగు ఉంటుంది. అది మురికి కాదు. పని ముగిసే ముందు అమెలోబ్లాస్ట్‌లు ఎనామెల్‌లోకి చేర్చే ఇనుము. ఆ పంటికి ఎనామెల్ ఉండేది కూడా ఆ ముందువైపే.

మనిషి పంటికి కొలబద్ద వేరు. పాల పళ్ళ తర్వాత వచ్చే శాశ్వత పళ్ళలో ఏ పన్ను ఎప్పుడు గట్టిపడటం మొదలుపెడుతుందో తెలియాలి. మొదటి దవడ పన్ను పుట్టుక వేళకే. పై నడిమి ముందు పళ్ళు మూడు నాలుగు నెలలకు. కోరపళ్ళు నాలుగైదు నెలలకు. పై నడిమి పళ్ళ పక్కన ఉండేవి పది పన్నెండు నెలలకు గానీ మొదలుపెట్టవు. రెండో దవడ పన్ను రెండున్నర, మూడేళ్ళకు. నడిమి ముందు పళ్ళ కిరీటం నాలుగైదేళ్ళకు పూర్తయి, ఏడెనిమిదేళ్ళకు బయటపడుతుంది. ఈ అంకెలు బట్టీ పట్టక తప్పదు.

ఇప్పుడు ఒక నోరు చదువుదాం. తొమ్మిదేళ్ళ పాప. పై నడిమి పళ్ళు రెండింటికీ కొరికే అంచుకు కాస్త పైన అడ్డంగా గుంటల వరస ఉంది. మొదటి దవడ పళ్ళ మొనల దగ్గర కూడా గరుకుగా ఉంది. నడిమి పళ్ళ పక్క పళ్ళు శుభ్రంగా ఉన్నాయి. రెండు వైపులా ఉంది కాబట్టి దెబ్బ ఒళ్ళంతటికీ తగిలింది. నడిమి పన్ను అప్పటికే మొదలై ఉండాలి, అంటే నాలుగు నెలలు దాటాలి. పక్క పన్ను ఇంకా మొదలుకాకూడదు, అంటే పది నెలలు నిండకూడదు. ఈ వయసు కాగితం మీద రాసుకున్నాకే వాళ్ళమ్మను అడగండి, ఆ నెలల్లో పాపకు పెద్ద జబ్బేమైనా చేసిందా అని. ముందే అడిగితే మీరు చదివింది పన్నును కాదు, వాళ్ళమ్మ మాటను.

ఒకే పంటి మీద మచ్చ ఉంటే ఈ లెక్క పనికిరాదు. అదే చోట ముందున్న పాల పన్ను చీము పట్టడమో, పడిపోయి దెబ్బ తగలడమో జరిగి ఉంటుంది. నిలువు చారలైతే కథ ఇంకోటి. అమెలోజెనిన్ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఆడపిల్లలో ప్రతి కణం రెండు ఎక్స్‌లలో ఒకదాన్ని మూసేస్తుంది, దాని సంతతీ అదే పద్ధతిలో నడుస్తుంది. జన్యువు ఒకదానిలో చెడితే మంచి కణాల సంతతి వేసిన చార ఒకటి, చెడ్డ సంతతి వేసిన చార ఒకటి పక్కపక్కనే నిలువుగా వస్తాయి. అదే జన్యువు అన్నకు వస్తే చారలుండవు, ఎనామెల్ మొత్తం దెబ్బతింటుంది. అడ్డ గీతకు కాలం, నిలువు చారకు వంశం.

ఇక మన ఫ్లోరైడ్. ఇక్కడి గ్రానైటు రాళ్ళ మధ్య నీరు ఎంత ఎక్కువ కాలం నిలిస్తే అంత ఫ్లోరైడ్ కరుగుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే దారి లేకపోతే 1.5 వరకు పర్వాలేదని మన దేశ ప్రమాణం. అంతకు మించిన బోరు నీళ్ళు తాగిన పిల్లల్లో ఎక్కువగా దెబ్బతినేది గట్టిపరిచే విడత. ప్రోటీన్ పూర్తిగా తొలగదు, పైపొర కింద ఎనామెల్ గుల్లగా ఉండిపోతుంది. అట్లాంటి పన్ను సుద్ద తెలుపుతో బయటికి వస్తుంది. మనం ‘గార పట్టింది’ అనే గోధుమ రంగు ఆ గుల్లలోకి తర్వాత ఇంకేది. బొగ్గుతో, ఉప్పుతో రుద్దితే పోదు. పోలేదని పిల్లల్ని తిట్టడం అన్యాయం. పై నడిమి పళ్ళకు ఎక్కువ ప్రమాదం ఉండే కాలం సుమారు 15 నుంచి 30 నెలల వయసు.

అభ్యాసం. 1990ల మధ్యలో సత్యసాయి మంచినీటి పథకంతో జిల్లాలో చాలా ఊళ్ళకు తాగే నీళ్ళు మారాయి. అట్లా ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్ళ నుంచి మంచి నీళ్ళకు మారిన ఇంట్లో ముగ్గురు తోబుట్టువులు ఉన్నారనుకోండి. మారిన నాటికి అన్నకు ఆరేళ్ళు, అక్కకు రెండేళ్ళు, తమ్ముడికి ఆరు నెలలు. ముగ్గురి పై నడిమి పళ్ళు, రెండో దవడ పళ్ళు ఎట్లా ఉంటాయో బొమ్మ గీసి, పక్కన కారణం రాయండి. అన్న రెండో దవడ పంటి దగ్గర ఒక చిక్కుంది, దాని కిరీటం పూర్తయ్యేది ఏడెనిమిదేళ్ళకని గుర్తుంచుకోండి. నిజం నోళ్ళలో సరిచూసుకోవాలంటే పెద్దవాళ్ళను అడిగి, వెలుతురులో కూర్చోబెట్టి చూడండి, ఫోటోలు వద్దు. జవాబు వచ్చే పాఠంలో, వేరు ఎలా దిగుతుందో చెప్పే ముందు.