ఈ వానల్లో ఇంటి కూరగాయలు కోసి వండే ముందు

నవంబరులో చెన్నై పెరళ్లలో, మిద్దెల మీద సొర, గోంగూర, చిక్కుడు ఒకేసారి చేతికొస్తాయి. కోసే ముందు, పొయ్యి మీద పెట్టే ముందు ఇవి చూసుకోండి.

– సొర, బీర, దోస: తొడిమ వైపు చిన్న ముక్క కోసి నాలుకకు తగిలించండి. చేదుంటే ఉమ్మేసి, కాయ మొత్తం పారేయండి. ఆ చేదు కుకుర్బిటాసిన్ అనే విషం. ఉడికించినా పోదు, బెల్లం వేసినా విరగదు. వాంతులు, నెత్తురు విరేచనాలు, బీపీ పడిపోవడం దాకా వెళ్తుంది. సొరకాయ పచ్చిరసం తాగేవాళ్లు ఒక్కరోజు కూడా రుచి చూడకుండా తాగొద్దు.

– వీధి వరదనీట మునిగిన ఆకుకూర: పీకేయండి. అందులో మురుగు కలిసి ఉంటుంది, ఎంత కడిగినా నమ్మలేం.

– గోంగూర: పచ్చడికైతే ఆకు కడిగి, పాతపంచె మీద పలచగా పరిచి రాత్రంతా ఫ్యాను కింద ఆరనివ్వండి. ఈ రోజుల్లో ఎండ దొరకదు, కాస్త తడి మిగిలినా బూజు పడుతుంది. వేయించడానికి స్టీలు మూకుడు మేలు. తగరపు కళాయి పూత లేని ఇత్తడి, రాగి పాత్రలు పులుపుకి చిలుము కక్కుతాయి.

– చిక్కుడు: ఈనె తీశాక ప్రతి కాయా విప్పి చూడండి. పురుగు తొలిచిన కన్నం బయటికి చుక్కలాగే కనిపిస్తుంది.

– వేపనూనె చల్లిన రోజు ఏదీ కోయకండి, చేదు వంటలోకి దిగుతుంది.