వానలకు ముందే గట్టు అడుగు చూడండి

పోయిన వరద తగ్గిన రెండో రోజు ఒక ఏటి గట్టు 12 మీటర్ల మేర కూలిపోయింది. దానికి రాళ్లు పేర్చి మూడు నెలలే అయింది. అంచున నిలబడి నీళ్లు చూస్తున్న ఒకాయన మట్టితోపాటు జారిపడ్డారు. కాలు విరిగింది, ప్రాణం దక్కింది. మర్నాడు నేను వెళ్లి చూస్తే రాళ్లలో ఒక్కటీ పగల్లేదు. వాటి కింద ఉండాల్సిన మట్టే లేదు.

ఇదే తప్పు నేను మళ్లీ మళ్లీ చూస్తున్నాను. కోత పైన కనిపిస్తుంది కాబట్టి మరమ్మతూ పైనే చేస్తారు. కానీ నీరు తోడేసేది గట్టు అడుగున. అక్కడి మట్టి పోయాక పైభాగం చూరులా వేలాడుతుంది, ఒకరోజు తన బరువుకు తనే విరిగిపడుతుంది. పడిన మట్టిని ప్రవాహం మోసుకుపోయి, మళ్లీ అడుగును తోడడం మొదలుపెడుతుంది. అడుగు కట్టకుండా వాలు మీద పేర్చిన రాయి దండగ.

అడుగు ఎంత లోతు?

ఎండాకాలంలో కనిపించే నేలమట్టం నుంచి రాళ్లు మొదలుపెట్టకండి. వరద ఉధృతిలో అడుగు ఇంకా లోతుకు కోసుకుపోతుంది, నీరు తగ్గేటప్పుడు ఇసుక వచ్చి ఆ గుంటను పూడ్చేస్తుంది. అందుకే తర్వాత వెళ్లి చూసినవాళ్లకు ఆ లోతు తెలియదు. వంపు బయటి వైపు మరీ ప్రమాదం. ఒండ్రు నేలల్లో పారే నదులకు లేసీ అనే ఇంజనీరు ఇచ్చిన సూత్రంతో లెక్కగట్టిన కోత లోతును ఓ మోస్తరు వంపు దగ్గర 1.5 రెట్లు, తీవ్రమైన వంపు దగ్గర 1.75 రెట్లు చేసి తీసుకుంటారు. ఆ లెక్క ఇంజనీరు చేత వేయించండి, కంటి అంచనాతో పోవద్దు.

అంత లోతు తవ్వడం కుదరనప్పుడు ఏప్రాన్ వేస్తారు. అంటే గట్టు అడుగు నుంచి నదిలోకి వెడల్పుగా పరిచిన రాళ్ల పరుపు. కింద ఇసుక కొట్టుకుపోయే కొద్దీ ఆ రాళ్లు తామే కిందికి జారి కొత్త వాలును కప్పేస్తాయి. జారడానికి సరిపడా రాయి ముందే అక్కడ ఉండాలి. ఖర్చు తగ్గించాలని ఏప్రాన్ ఎగ్గొట్టి, వాలు మాత్రం చూడచక్కగా పేర్చిన పనులు నాకు తెలుసు. ఒక్క వరదకు అడుగు పోయింది, వెనకాలే వాలూ పోయింది.

రాయి, వేరు

ప్రవాహ వేగం రెట్టింపైతే దానికి కదలకుండా నిలవాల్సిన రాయి బరువు 64 రెట్లు పెరుగుతుంది. అందుకని పోయినేడు ఆగిన సైజు ఈ ఏడు ఆగుతుందన్న ధీమా వద్దు. కోణాలున్న రాయి ఒకదానికొకటి బిగుసుకుంటుంది, గుండ్రాయి దొర్లిపోతుంది. రాయికీ మట్టికీ మధ్య నీటిని వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ గానీ కంకర పొర గానీ తప్పదు. లేకపోతే సందుల్లోంచి మట్టి నెమ్మదిగా జారిపోయి లోపల బోలు పడుతుంది.

మొక్కలంటే నాకు చాలా ఇష్టం. వట్టివేరు మంచి నేలలో 3 మీటర్లు దాటి దిగగలదు, మట్టిని కుట్టినట్టు పట్టుకుంటుంది. ఒడ్డున పచ్చదనం ఉంటేనే చేపకు నీడ, నదికి ప్రాణం. కానీ వేళ్లు కాపాడేది వాలును, పైభాగాన్ని. ఎప్పుడూ నీళ్లలో మునిగి ఉండే అడుగును అవి నిలబెట్టలేవు. ముందు అడుగు, తర్వాతే మొక్క. నాటినవి వరదలోపు వేళ్లు పట్టేలా వేళ చూసి నాటండి.

మిగతావి వరసగా చెప్పేస్తాను.

కట్టిన రాళ్ల రెండు కొసలనూ గట్టిగా ఉన్న ఒడ్డు లోపలికి చొప్పించండి. కొస వెనకకు నీరు దూరిందంటే అంతా ఊడిపోతుంది.

వాగు వంపులు తీసేసి తిన్నగా తవ్వకండి. దూరం తగ్గితే వాటం పెరుగుతుంది, నీరు అడుగును కోస్తుంది. అమెరికాలో కిస్సిమీ నదిని 1962–1971 మధ్య 166 కిలోమీటర్ల నుంచి 90 కిలోమీటర్ల కాలువగా మార్చారు. చిత్తడి నేలలు ఎండిపోయి, తర్వాత దశాబ్దాలపాటు ఆ వంపుల్లో కొన్నింటిని తిరిగి తేవాల్సి వచ్చింది.

నున్నటి కాంక్రీటు గోడ కట్టే ముందు దిగువనున్నవాళ్ల గురించి ఆలోచించండి. మీ దగ్గర పెరిగిన వేగం అక్కడ ఒడ్డును కోస్తుంది.

గట్టు దగ్గర ఇసుక తవ్వనివ్వకండి. అది కూడా అడుగును తీసేయడమే.

పాత టైర్లు, కూల్చిన గోడల శిథిలాలు గట్టు మీద పోయకండి.

ఇసుక బస్తాలు వరద రాత్రికి ఆసరా. వాటిని ఎండలో ఏడాది పాటు వదిలేసి నమ్ముకోకండి.

వరద తగ్గుతున్నప్పుడు అంచుకు వెళ్లకండి. తడిసి బరువెక్కిన మట్టికి అప్పటిదాకా ఉన్న నీటి ఆసరా పోతుంది. చాలా గట్లు కూలేది అప్పుడే.

ఒడ్డు పొడవునా నెర్రె కనిపిస్తే దానికి ఇవతలే ఆగండి. పిల్లల్ని అసలు రానివ్వకండి.

వేలాడుతున్న గట్టు కింద మనిషిని దించకండి. పైన ప్రొక్లెయిన్ నిలపకండి.

ఎగువన ఆనకట్ట ఉంటే నీళ్లు ఎప్పుడు వదులుతారో కనుక్కోకుండా పనికి దిగకండి.

ప్రతి వరద తర్వాత గట్టు అడుగు లోతు కొలిపించండి. ఏప్రాన్ రాళ్లు ఎక్కడ జారాయో గుర్తుపెట్టి, తర్వాతి వానకు ముందే అక్కడ రాయి నింపండి.