మార్కు సువార్తతో మొదలుపెట్టే ఉదయ ధ్యానం

బైబిలు ఏడాదిలో చదవాలని ఆదికాండంతో మొదలుపెట్టినవాళ్ళలో చాలామంది లేవీయకాండం దగ్గర ఆగిపోతారు. బలుల నియమాలు అర్థం కాకపోవడమే కారణం, భక్తి తక్కువై కాదు. అందుకే మొదట యేసు జీవితాన్ని చెప్పే మార్కు సువార్త తీసుకోండి. 16 అధ్యాయాలే, రోజుకు ఒకటి చాలు.

సమయం 20 నిమిషాలు. ఫోన్ వేరే గదిలో ఉంచి అచ్చు బైబిలే తెరవండి. యాప్‌లో చదువుతుంటే వాట్సాప్ మెసేజ్ ఒక్కటి వచ్చినా మనసు అటు పోతుంది. అధ్యాయం రెండుసార్లు చదవండి, రెండోసారి పైకి. పాత అనువాదంలోని గ్రాంథికం చెవికి ఎక్కితేనే అర్థం తేలికవుతుంది.

తర్వాత నోటుబుక్కులో మూడు ముక్కలు రాయండి: యేసు ఏం చేశాడు, ఎందుకు, ఈరోజు నేను చేయాల్సింది ఏమిటి. మొదటి అధ్యాయం 35 నుంచి 38 వచనాలు చూడండి. ముందురోజు సాయంత్రం ఊరంతా యేసు ఉన్న ఇంటి తలుపు దగ్గర చేరింది. తెల్లవారకముందే ఆయన ఒంటరిగా ప్రార్థించాడు. అందరూ వెతుకుతున్నారని శిష్యుడు సీమోను చెప్పినా, పక్క ఊళ్ళకు వెళ్దాం, అందుకే వచ్చానన్నాడు. తన పిలుపేమిటో ఆయనకు స్పష్టంగా తెలుసు.

మూడో ముక్క దగ్గరే ఎక్కువమంది తప్పుతారు. "ప్రేమగా ఉండాలి" అని రాస్తే సాయంత్రానికి ఏమీ మిగలదు. "అత్తమ్మకు ఫోన్ చేసి క్షమాపణ అడగాలి" అని రాయండి. రాత్రి చేశానో లేదో టిక్కు పెట్టండి.

ఒకరోజు తప్పితే మర్నాడు రెండు అధ్యాయాలు చదవొద్దు, ఆగినచోటు నుంచే సాగండి. బాకీ పేరుకుంటే మానేస్తారు. మార్కు అయ్యాక ఫిలిప్పీయులకు రాసిన పత్రిక (అంటే లేఖ) చదవండి, నాలుగే అధ్యాయాలు.