లింక్డ్‌ఇన్‌లో అమ్మకాల మెసేజ్‌లు ఆగట్లేదా? ముందు పేరు పక్కన అంకె చూడండి

"మీ ప్రొఫైల్ చూసి ముచ్చటేసింది" అని మొదలవుతుంది. మూడో వాక్యానికల్లా ఏదో కోర్సో, సాఫ్ట్‌వేరో అంటగట్టడమే. ఒక్కొక్కరినీ బ్లాక్ చేస్తూ పోతే వేళ్లు నొప్పెడతాయి తప్ప ఇవి తగ్గవు.

పేరు పక్కన 1 ఉంటే: ఆ మనిషి మీ కనెక్షనే. రిక్వెస్ట్ ఒప్పుకున్నది మీరే. నన్ను సాయం అడిగేవాళ్లు చాలామంది ఈ అంకె చూడకుండానే సెట్టింగ్స్ అన్నీ కెలికి వస్తారు. కనెక్షన్ తీసేయండి. తీసేసినట్టు వాళ్లకు నోటిఫికేషన్ వెళ్లదు కాబట్టి మొహమాటం అక్కర్లేదు.

ఇన్‌మెయిల్ అని ఉంటే: అది కనెక్షన్ కానివాళ్లు, డబ్బు కట్టే ఖాతాతో వచ్చే క్రెడిట్ ఖర్చుపెట్టి పంపే మెసేజ్. సెట్టింగ్స్‌లో డేటా ప్రైవసీకి వెళ్లి, మెసేజ్‌ల దగ్గర ఇన్‌మెయిల్ ఆపేయండి. మర్యాదకైనా "వద్దండీ" అని జవాబివ్వకండి. 90 రోజుల్లోపు జవాబొస్తే పంపినవారికి ఖర్చయిన క్రెడిట్ తిరిగి వచ్చేస్తుంది. దాంతో ఇంకొకరిని విసిగిస్తారు.

కనెక్షన్ కాదు, ఇన్‌మెయిల్ ఆపేశారు, అయినా వస్తున్నాయి: నన్ను ముప్పుతిప్పలు పెట్టింది ఇదే. అన్నీ మూసేశాననుకుని వారాలపాటు తల పట్టుకున్నాను. చివరికి ఒకడి ప్రొఫైల్ తెరిచి కిందికి చూస్తే, మేమిద్దరం ఒకే గ్రూపులో ఉన్నాం! ఎప్పుడో ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో చేరి, ఆ తర్వాత ఒక్కసారి కూడా తొంగిచూడని గ్రూపు అది. ఒకే గ్రూపులో ఉన్నవాళ్లు కనెక్షన్ లేకుండానే, ఇన్‌మెయిల్ ఖర్చు లేకుండానే మెసేజ్ రిక్వెస్ట్ పంపొచ్చు. ఈవెంట్‌కు వస్తామని నొక్కినవాళ్లకూ అదే వీలు. అమ్మేవాళ్లకు ఈ దొడ్డిదారి బాగా తెలుసు, వాళ్లు గ్రూపుల్లో చేరేదే అందుకు.

మీ గ్రూపుల జాబితా తెరవండి. ఎందుకు చేరారో గుర్తురాని ప్రతిదాన్నుంచీ బయటికి రండి. ఆ తర్వాత ఇన్‌మెయిల్ ఆపిన చోటే మెసేజ్ రిక్వెస్ట్‌లు అని ఇంకో మీట ఉంటుంది, అదీ ఆపండి. నేను మొదటిసారి ఇన్‌మెయిల్ ఒక్కటే ఆపి, దాని పక్కనే ఉన్న దీన్ని వదిలేశాను.

"స్పాన్సర్డ్" అని ఉన్నవి ప్రకటనలు, వాటికీ సెట్టింగ్స్‌లోనే వేరే మీట ఉంది. పాత స్నేహితుడు ఉన్నట్టుండి పెట్టుబడుల గురించి మాట్లాడితే మాత్రం అతని ఖాతా ఎవరి చేతిలోనో పడి ఉండొచ్చు, ఫోన్ చేసి కనుక్కోండి.